రెండో విడత గ్రాంటు ఆగిందా? ముందు బిల్లు మీద పేరు చూడండి

సమస్య: మీ స్టార్టప్‌కి ప్రభుత్వ సీడ్ ఫండ్ (తొలి దశ ఆర్థిక సాయం) మొదటి విడత పడింది, ఖర్చూ అయింది, ప్రోటోటైప్ నడుస్తోంది. రెండో విడత కోసం యూసీ (వినియోగ ధ్రువపత్రం) పంపి నెలలైనా ఇంక్యుబేటర్ (స్టార్టప్‌లను ఎంపిక చేసి ఈ డబ్బు విడుదల చేసే సంస్థ) దగ్గర ఫైలు కదలదు. బెంగళూరు మారతహళ్లి టీకొట్టు దగ్గర "లోపల ఎవరినో పట్టుకోవాలి బ్రో" అనే సలహా మాత్రం వెంటనే దొరుకుతుంది. ఎవరినీ పట్టుకోనక్కర్లేదు.

స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో గ్రాంటు 20 లక్షల దాకా ఉన్నా, మైలురాళ్లను బట్టి విడతలుగానే ఇస్తారు. తర్వాతి విడత కావాలంటే ప్రోగ్రెస్ రిపోర్టూ యూసీ రెండూ వెళ్లాలి. చాలామంది యూసీ ఒక్కటే పంపి ఎదురుచూస్తుంటారు. ముందు అది చూసుకోండి. స్పామ్ ఫోల్డర్ కూడా తెరవండి, ఇంక్యుబేటర్ వాళ్ల ప్రశ్న అక్కడే పడి ఉండొచ్చు. యూసీ మీద సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) యూడీఐఎన్ నంబరు (తాను ధ్రువీకరించిన పత్రానికి సీఏ తీసుకునే గుర్తింపు సంఖ్య) ఉందా? ఇవన్నీ సరిగ్గా ఉంటేనే కింద చదవండి.

అసలు దొంగ ఎక్కువగా క్లౌడ్ (అద్దె సర్వర్ల) బిల్లులో దాక్కుంటాడు. కంపెనీ రిజిస్టర్ కాకముందే ఎవరో ఒక ఫౌండర్ తన సొంత జీమెయిల్‌తో, సొంత క్రెడిట్ కార్డుతో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్ సర్వీసు) అకౌంట్ తెరిచి ఉంటాడు. తర్వాత కంపెనీ వచ్చింది, గ్రాంటు వచ్చింది, ఆ అకౌంట్ మాత్రం అలాగే ఉండిపోయింది. నెలనెలా ఇన్వాయిస్ అతని పేరు మీదే వస్తుంది, మీ కంపెనీ జీఎస్టీ నంబరు ఉండదు. ఎక్సెల్‌లో "క్లౌడ్ ఖర్చు" అని ఒక్క లైను కాబట్టి మీకు కనబడదు. బిల్లు తెరిచి చూసే ఆడిటర్‌కి అది ఒక వ్యక్తి సొంత ఖర్చు. ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో కొన్న సెన్సర్లదీ ఇదే కథ: కస్టమర్ పేరు ఉండాల్సిన చోట "క్యాష్" అని రాసి ఉంటుంది.

పరిష్కారం: ఈ రోజే బిల్లింగ్ సెట్టింగుల్లో కంపెనీ పూర్తి పేరు, జీఎస్టీఐఎన్ (కంపెనీ జీఎస్టీ నంబరు, కర్ణాటకదైతే 29తో మొదలవుతుంది) పెట్టండి. ఇది రాబోయే బిల్లులకే పనికొస్తుంది. పాతవాటిని రెండు కుప్పలు చేయండి. బిల్లు కంపెనీ పేరు మీదే ఉండి, డబ్బు మాత్రం ఫౌండర్ కార్డు నుంచి పోయిందా? సరిగ్గా అంతే మొత్తం కంపెనీ ఖాతా నుంచి అతనికి బ్యాంకు ద్వారా తిరిగి చెల్లించి, వోచర్ రాసి, ఒప్పుకుంటారా అని ఇంక్యుబేటర్‌ని మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు. బిల్లే వ్యక్తి పేరు మీద ఉంటే దానిమీద ఆశ వదులుకోండి. ఆ మొత్తాన్ని యూసీలోంచి తీసేసి, సొంత డబ్బుతో భరించి, సీఏ చేత కొత్త యూసీ ఇప్పించండి. షాపువాడు పాత తేదీతో వేరే బిల్లు రాసిస్తానన్నా వద్దనండి. ఆగిన ఫైలును కదిలించొచ్చు గానీ దొంగ బిల్లు పట్టుబడితే ఎవరూ ఏమీ చేయలేరు.

ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని మన పన్నులో తగ్గించుకోవడం) తీసుకున్నాక కూడా జీఎస్టీతో కలిపి ఖర్చు చూపడం అప్పుడప్పుడు తగులుతుంది, సీఏకి చెబితే సరిచేస్తారు. కంపెనీ విజయవాడ ఇంటి అడ్రసు మీద ఉండటం కర్ణాటక ప్రభుత్వ స్టార్టప్ గ్రాంటు ఎలివేట్‌కి అడ్డే, కానీ అది దరఖాస్తు దశలోనే తేలిపోతుంది. రెండో విడత దాకా వచ్చినవాళ్లు దాని గురించి టెన్షన్ పడనక్కర్లేదు.