బీఎంపీ–2ను విమానం ఎక్కించాలంటే

ఐఎన్‌ఎస్ జలాశ్వ లాంటి ఓడలున్న విశాఖలో యుద్ధ ట్యాంకులు, ట్రాక్ బండ్లు (చక్రాల చుట్టూ ఉక్కు పట్టీతో నడిచేవి) ఓడెక్కడం కొత్త కాదు. ఓడలో ఎక్కువ భయం పక్కకు ఊగడంతో. విమానంలో అసలు భయం ముందుకు దూసుకురావడంతో. సీ–17 రవాణా విమానంలో ముందుకు 3 జీ (జీ అంటే బండి సొంత బరువంత బలం), వెనక్కి 1.5, పక్కలకు 1.5, పైకి 2 జీ తట్టుకునేలా కట్టాలి. సైనికులను మోసుకెళ్లే ట్రాక్ యుద్ధ వాహనం బీఎంపీ–2 బరువు 14.3 టన్నులు. అంటే ముందువైపు 42.9 టన్నుల లాగుడును ఆపాలి. ఈ లెక్క బండి ర్యాంప్ దగ్గరికి రాకముందే కాగితం మీద తేలిపోవాలి.

ముందు బండిని కడగండి. ట్రాక్ లింకుల్లో ఇరుక్కున్న ఎర్రమట్టి, గులకరాళ్లు ఒక్కటీ మిగలకూడదు. ట్రాక్ కింద రాయి చిక్కితే అక్కడి బరువంతా ఆ ఒక్క చోటే ఫ్లోర్‌ను నొక్కుతుంది. మందుగుండు దించేయాలి, లేదా ప్రమాదకర సరుకుగా విడిగా నమోదు చేయించాలి. టరెట్ (తుపాకీ ఉండే, తిరిగే పైభాగం) లాక్ చేసి, యాంటెన్నాలు దించి, పారలు, డబ్బాలు లాంటి విడి సామాను తీసేయండి. డీజిల్ ముప్పావు ట్యాంకు దాటనివ్వకండి. బీఎంపీ వెనక తలుపుల్లోనూ ఇంధనం ఉంటుంది, లీకేజీ అక్కడ కూడా చూడాలి.

తూకం ఆ తర్వాతే. డీజిల్, సామాను ప్రయాణంలో ఎలా ఉంటాయో అలాగే ఉంచి తూచండి. ఇంజిన్ ముందుంది కాబట్టి బ్యాలెన్స్ పాయింట్ సరిగ్గా బండి మధ్యలో ఉంటుందనుకోవద్దు. బలమైన దుంగ మీదికి బండిని నెమ్మదిగా ఎక్కిస్తే ఒకచోట అటూ ఇటూ తూగుతుంది. అక్కడే రెండు పక్కలా నిలువు గీత గీసి, బరువు రాయండి. విమానంలో సరుకు బాధ్యత చూసే లోడ్‌మాస్టర్ విమానం బ్యాలెన్స్ లెక్క వేసేది ఆ గీతను పట్టుకునే.

ఉక్కు ట్రాక్ నేరుగా ఫ్లోర్‌ను తాకకూడదు. ర్యాంప్ మొదటి నుంచి బండి నిలిచే చోటుదాకా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరవండి. వానలో నానిన ప్లైవుడ్ వాడొద్దు, అది జారుతుంది, పొరలు విడిపోతాయి. ర్యాంప్ పైఅంచు దగ్గర మరీ జాగ్రత్త. బండి అక్కడ తూగే క్షణంలో పన్నెండు చక్రాల మీద ఉండాల్సిన బరువు కొన్నింటి మీదే పడుతుంది. అందుకే ర్యాంప్ కింద చెక్క పేర్చి వాలు తగ్గిస్తారు.

బండిని వెనక్కి నడిపి ఎక్కిస్తే దిగేటప్పుడు ముందుకే వస్తుంది. వరుస నేల మీదే సరిచేసుకోవాలి. ర్యాంప్ మీద ట్రాక్ తిప్పితే ప్లైవుడ్ చిరుగుతుంది, బండి పక్కకు జారుతుంది. మనిషి నడక కన్నా వేగం వద్దు. డ్రైవర్‌కు కనిపించే చోట నిలబడి సైగ చేసేది ఒక్కరే. ఐఎల్–76 రవాణా విమానంలో ఇది మరీ ముఖ్యం. ఆ కార్గో హోల్డ్ వెడల్పు 3.45 మీటర్లు, బీఎంపీది 3.15. ఒక్కో పక్కకు మిగిలేది 15 సెంటీమీటర్లు. కదులుతున్న బండికీ గోడకీ మధ్య ఎవరూ ఉండరాదు.

ఇక చైన్లు. 25,000 పౌండ్ల చైన్ అంటే 11.34 టన్నులు. ఫ్లోర్‌తో 30 డిగ్రీలు, విమానం పొడవుతో 30 డిగ్రీల కోణంలో కడితే ముందుకు పనికొచ్చేది అందులో 75 శాతమే, దాదాపు 8.5 టన్నులు. 42.9ని దానితో భాగిస్తే ఐదుకు కాస్త పైన. కుడి, ఎడమ జంటగా కట్టాలి కాబట్టి ఆరు. వెనక్కి 21.45 టన్నులకు మూడు వస్తాయి, నాలుగు కట్టాలి. ఈ పదీ కలిసి పక్కలకూ పైకీ కూడా సరిపోతాయి. కోణం 45కి పెరిగితే లెక్క మళ్లీ మొదలెట్టాలి.

చైన్, దాన్ని బిగించే టెన్షనర్, ఫ్లోర్ రింగు, బండి హుక్కు నాలుగింట్లో బలహీనమైనదే అసలు బలం. విశాఖ ఉప్పుగాలికి షాకిల్ (చైన్ తగిలించే ఉక్కు కొక్కెం) పిన్నులు తుప్పుతో బిగుసుకుపోతాయి. ముందే విప్పి చూసి, తుప్పు తిన్నవాటిని మార్చండి. ఒకే దిక్కుకు చైన్‌తో పాటు నైలాన్ పట్టీ కలపొద్దు. పట్టీ సాగుతుంది, భారమంతా చైన్ మీదే పడుతుంది. కట్టేది బండి బాడీకే, ట్రాక్‌కు కాదు. ఎదురెదురు చైన్లను కొంచెం కొంచెంగా, ఒకదాని తర్వాత ఒకటి బిగించండి.

బీఎంపీ సస్పెన్షన్ కుదుపులకు కుంగి లేస్తుంది, ఆ కదలికకు చైన్లు వదులవుతాయి. టేకాఫ్ అయి విమానం సమంగా ఎగరగానే ఒకసారి, ల్యాండింగ్‌కు దిగే ముందు మరోసారి ప్రతి టెన్షనర్‌నూ చేత్తో లాగి చూడాలి.