సీఏ ఇంటర్‌కు కూర్చునే ముందు

సీఏ ఇంటర్ అంటే చార్టర్డ్ అకౌంటెన్సీ కోర్సులో మధ్య మెట్టు పరీక్ష. ముందు ఈ లెక్క చూసుకోండి: పాసవ్వాలంటే ప్రతి పేపర్‌లో 40 శాతం, గ్రూపు (కలిపి లెక్కించే పేపర్ల జట్టు) మొత్తం మీద 50 శాతం రావాలి. అందుకని ఇష్టమైన అకౌంట్స్ పట్టుకుని ఆడిటింగ్‌ను చివరికి నెట్టొద్దు.

సీనియర్ ఇచ్చిన ట్యాక్స్ పుస్తకం మీ అటెంప్ట్‌కు పనికొస్తుందో లేదో చూడండి. పన్ను రేట్లు మార్చే ఫైనాన్స్ యాక్ట్ ఏటా వస్తుంది, పాత రేట్లు రాస్తే మార్కులు పోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం: లెక్కను కళ్లతో చదవొద్దు. చదివితే అంతా వచ్చినట్టే ఉంటుంది. జవాబు మూసేసి, తెల్లకాగితం మీద వర్కింగ్ నోట్స్‌తో (జవాబు వెనక ఉన్న లెక్కలతో) సహా చేయండి. బ్యాలెన్స్ షీట్ టాలీ కాక పెన్ను ఆగిన చోటే మీకు రానిదేంటో తెలుస్తుంది. ఆ చోట ఎర్ర పెన్నుతో గీత పెట్టుకోండి, రివిజన్ అక్కణ్నుంచే.

పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా. మాక్ పేపర్లూ అన్నం తిన్నాక ఆ టైముకే రాయండి, నిద్ర ముంచుకొచ్చేది అప్పుడే.