ఇంగ్లీష్ బైబిల్ కొనేముందు ఏ అనువాదం తీసుకోవాలో ఎలా తేల్చుకోవాలి?

మా మేనకోడలు గుంటూరులో ఇంటర్ చదువుతున్నప్పుడు పుట్టినరోజుకి నేనే ఒక ఇంగ్లీష్ బైబిల్ కొనిచ్చా. నల్ల అట్ట, బంగారు అంచు, చూడ్డానికి బాగుందని తీసుకున్నా గానీ లోపల ఏ వెర్షనో చూళ్ళేదు, అది కింగ్ జేమ్స్, అంటే 1611 నాటి పాత ఇంగ్లీష్ అనువాదం. నెల తిరక్కుండానే వచ్చి "మావయ్యా, ఇరవై మూడో కీర్తనలో 'ద లార్డ్ ఈజ్ మై షెపర్డ్, ఐ షల్ నాట్ వాంట్' అని ఉందేంటి, కాపరి నాకొద్దు అంటున్నాడా దావీదు?" అని అడిగింది. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అని చిన్నప్పట్నుంచీ కంఠతా చెప్పే పిల్ల అది. పాత ఇంగ్లీష్‌లో వాంట్ అంటే లేమి, కొరత. ఎన్ఐవీలో, అంటే ఇప్పటి ఇంగ్లీష్‌లో ఉన్న న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్‌లో, అదే వచనం "ఐ లాక్ నథింగ్" అని ఉంటుంది, ఫోన్‌లో తీసి చూపిస్తే వెంటనే అర్థమైంది. అప్పట్నుంచీ ఎవరన్నా ఇంగ్లీష్ బైబిల్ ఏది కొనమంటారు అని అడిగితే నేను ఆగి, కూర్చోబెట్టి చెప్తున్నా.

ముందు ఎందుకు కావాలో తేల్చుకోండి. రోజూ పొద్దున చదువుకోడానికా, సండే స్కూల్‌లో చెప్పడానికా, వాక్యం లోతుగా చూసుకోడానికా, లేక ఇంగ్లీష్ ఆరాధనకి వెళ్తే అక్కడ అందరితో కలిసి చదవడానికా? చివరిదైతే పెద్దగా ఆలోచించే పని లేదు, ఆ చర్చిలో ఏది చదువుతారో పాస్టరుగార్ని అడిగి అదే కొనండి, లేకపోతే అందరూ కలిసి చదివేటప్పుడు మీ ఒక్కరి మాటలే వేరేగా ఉంటాయి.

తర్వాత ఈ అనువాదాలు ఎందుకు వేరేగా ఉంటాయో కొంచెం తెలుసుకోవాలి. కొన్ని, బైబిల్ మొదట రాసిన హీబ్రూ, గ్రీకు మాటల్ని వీలైనంతవరకు మాటకి మాట పెడతాయి, ఎన్ఏఎస్‌బీ (న్యూ అమెరికన్ స్టాండర్డ్ బైబిల్), 2001లో వచ్చిన ఈఎస్‌వీ (ఇంగ్లీష్ స్టాండర్డ్ వెర్షన్) అలాంటివి. ఎన్ఎల్‌టీ (న్యూ లివింగ్ ట్రాన్స్‌లేషన్) లాంటివి వాక్యం మొత్తం భావాన్ని ఇప్పటి ఇంగ్లీష్‌లో చెప్తాయి, ఎన్ఐవీ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ద మెసేజ్ అనేది యూజీన్ పీటర్సన్ అనే ఒకే పాస్టరుగారు తన మాటల్లో తిరగరాసింది, పక్కన పెట్టుకుని చదివితే బాగుంటుంది గానీ మొదటి బైబిల్‌గా మాత్రం నేను ఎవరికీ చెప్పను. 136వ కీర్తన తీయండి, మనకి "ఆయన కృప నిరంతరముండును" అని ప్రతి వచనంలో వస్తుందే, అక్కడ హీబ్రూలో ఉన్న మాట హెసెద్. దానికి కింగ్ జేమ్స్ "మెర్సీ" అంది, ఎన్ఐవీ "లవ్" అంది, ఈఎస్‌వీ "స్టెడ్‌ఫాస్ట్ లవ్" అంది. మూడూ తప్పు కాదు, ఆ హీబ్రూ మాట ఒక్క ఇంగ్లీష్ మాటలో పట్టేది కాదు అంతే, మన "కృప" కూడా దానికో వైపే చూపిస్తుందని నాకనిపిస్తుంది.

ఇక అసలు పరీక్ష. ఇది తెలుగువాళ్ళం మనం చాలా తేలిగ్గా చేసుకోవచ్చు, ఎందుకంటే మనకి నోటికొచ్చిన తెలుగు వచనాలు బోలెడు. పైసా ఖర్చు లేకుండా ఫోన్‌లో యూవర్షన్ యాప్ వేసుకోండి, లేదా బైబిల్ గేట్‌వే సైట్ తెరవండి, మీకు బాగా తెలిసిన వచనాలు ఓ ఐదారు తీసి నాలుగు వెర్షన్లలో చదవండి. 1 కొరింథీ 13:4 తీస్తే మనకి "ప్రేమ దీర్ఘకాలము సహించును", కింగ్ జేమ్స్‌లో ప్రేమ ఉండదు, "చారిటీ" ఉంటుంది, ఇవాళ ఆ మాటంటే దానధర్మాలు అనుకుంటాం. 1 థెస్సలొనీక 4:15లో మనకి "నిద్రించినవారికంటె ముందుగా" అని ఉన్నచోట కింగ్ జేమ్స్‌లో "ప్రివెంట్" అని ఉంటుంది, అడ్డుకోవడం అనుకుంటే వాక్యమే తిరగబడుతుంది, 1611 నాటికి ఆ మాటకి ముందు వెళ్ళడం అని అర్థం. మీ తెలుగు వచనం గుర్తొచ్చి, ఇంగ్లీష్ కూడా తడుముకోకుండా అర్థమైతే ఆ వెర్షన్ మీకు కుదిరినట్టే.

దీని తర్వాత చాలామంది భయపడే సంగతి ఒకటుంది, "ఎన్ఐవీలో వచనాలు తీసేశారు" అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అపొస్తలుల కార్యములు 8:37 వెతికితే 36 తర్వాత 38 వస్తుంది, నిజమే, కానీ కింద ఫుట్‌నోట్ చూడండి, ఆ వచనం అక్కడుంటుంది, ఈఎస్‌వీలోనూ అంతే. కారణం ఏంటంటే కింగ్ జేమ్స్ కొత్త నిబంధన 1500ల్లో అచ్చయిన గ్రీకు ప్రతుల్ని పట్టి చేసింది, ఆ తర్వాత ఇంకా పాత చేతిరాత ప్రతులు బయటపడ్డాయి, సీనాయి కొండ దగ్గర మఠంలో దొరికిన నాలుగో శతాబ్దపు ప్రతి అందులో ఒకటి, వాటిలో ఈ వచనం లేదు. కాబట్టి ఎవరో దాచేశారని కంగారు పడకండి. ఆ వచనాలు ఫుట్‌నోట్‌లో కాకుండా పైనే కావాలి, భాష కూడా తేలిగ్గా ఉండాలి అంటే 1982లో పూర్తయిన న్యూ కింగ్ జేమ్స్ తీసుకోండి, అందులో తేడాలు నోట్స్‌లో చెప్తారు.

కేథలిక్కులైతే ముందే ఒకటి చూసుకోవాలి, మామూలుగా షాపుల్లో దొరికే వాటిలో 66 పుస్తకాలే ఉంటాయి, కేథలిక్ బైబిల్లో 73. గుణదల వెళ్ళే మా పక్కింటి అక్కకి ఆ ఎక్కువ పుస్తకాల్లో ఒకటైన తోబితు గ్రంథం లేని బైబిల్ ఎవరో కొనిచ్చారు, పాపం మళ్ళీ కొనుక్కోవాల్సొచ్చింది. మన దేశంలో కేథలిక్ బిషప్పుల ఆమోదంతో 2018లో ఈఎస్‌వీ కేథలిక్ ఎడిషన్ వచ్చింది, అది అడగండి.

విజయవాడలో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల్లో కొనేవాళ్ళు మొదటి పేజీల్లో కాపీరైట్ సంవత్సరం తప్పకుండా చూడండి. ఎన్ఐవీ అని పైన రాసున్నా 1984ది వేరు, 2011ది వేరు, పాతదాంట్లో రోమా 12:1 దగ్గర "బ్రదర్స్" అని ఉంటే కొత్తదాంట్లో "బ్రదర్స్ అండ్ సిస్టర్స్" అని ఉంటుంది. చదువుకోడానికి రెండూ మంచివే, కానీ పిల్లలకి కంఠతా వాక్యాలు నేర్పేటప్పుడు టీచరుదొకటి పిల్లలదొకటి అయితే కష్టం.

ఇంకోటి, "లార్డ్" అనే మాట పాత నిబంధనలో అన్నీ కేపిటల్ అక్షరాల్లో ఉంటే అది మన తెలుగు బైబిల్లో యెహోవా అని వచ్చే పేరు, మొదటి అక్షరం ఒక్కటే కేపిటల్ అయితే ప్రభువు. ఇది తెలియక "ఇంగ్లీష్‌లో యెహోవా లేడేంటి" అని అడిగినవాళ్ళున్నారు.

నన్నడిగితే, ఇంగ్లీష్ ఇప్పుడిప్పుడే అలవాటవుతున్న పిల్లలకి ఎన్ఎల్‌టీ, కాలేజీ వాళ్ళకి ఎన్ఐవీ, వాక్యం చెప్పేవాళ్ళకి ఈఎస్‌వీ కొని, పక్కన తెలుగు బైబిల్ తెరిచి పెట్టుకోమంటా. షాపుకి వెళ్ళాక అట్ట చూడకుండా రోమా 8వ అధ్యాయం తీసి ఓ పది వచనాలు అక్కడే నిలబడి పైకి చదవండి, అక్షరాలు మరీ చిన్నవైతే ఇంట్లో పెద్దవాళ్ళు చదవలేరు, అది కూడా అప్పుడే తెలిసిపోతుంది. మా మేనకోడలికి అలాగే చదివించి కొన్నా ఎన్ఐవీ, పాత కింగ్ జేమ్స్ కూడా దాచుకుంది, కీర్తనలు పైకి చదవాలంటే ఇప్పటికీ అదే తీస్తుంది.