ఎన్నికలకి ముందే తుపాకీ పుస్తకం ఒకసారి తెరవండి

ఒడిశాలో పంచాయతీ ఎన్నికలు 2022 ఫిబ్రవరిలో జరిగాయి. ఐదేళ్ల లెక్కన మళ్ళీ వంతు దగ్గరపడుతోంది. నోటిఫికేషన్ వచ్చిందంటే పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు లైసెన్సు తుపాకీ ఉన్న ఇళ్లకి, ఎన్నికలయ్యేదాకా తుపాకీ డిపాజిట్ చెయ్యమని ఠాణా నుంచి కబురొస్తుంది. అప్పుడు దుమ్ము దులిపి తుపాకీ దించుతాం. లైసెన్సు పుస్తకంలో ఏం రాసుందో, ఇనుము మీద ఏం చెక్కుందో పక్కపక్కన పెట్టి చూసే మొదటి మనిషి ఠాణా రైటరే అవుతాడు. ఆ పని ముందు మీరే చెయ్యండి.

నేను ప్లీడరు గుమాస్తాగా ఇరవై ఏళ్లు కోర్టు చుట్టూ తిరిగినవాణ్ణి. ఆయుధాల చట్టం కేసుల్లో తుపాకీ పేల్చినవాళ్లకంటే కాగితం చూసుకోనివాళ్లనే ఎక్కువ చూశాను. మా ఇంట్లోనే ఒకటి జరిగింది. మా పెదనాన్నది ఇంగ్లండు తయారీ డబుల్ బ్యారెల్, పన్నెండు బోరు (బోరంటే గొట్టం లోపలి వెడల్పు కొలత). పాత లైసెన్సు పుస్తకంలో నంబరు ఒడియా అంకెల్లో చేత్తో రాసుంది. కొత్త పుస్తకానికి ఎక్కించినప్పుడు ఎవరో తొందరలో 5412ని 5812 చేశారు. ఒడియా నాలుగు చూడ్డానికి ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది మరి. ఒడియా రెండేమో ఇంగ్లీషు తొమ్మిదిలా ఉంటుంది. ఏళ్ల తరబడి ఎవరికీ పట్టలేదు. ఒక ఎన్నికలప్పుడు డిపాజిట్‌కి తీసుకెళ్తే రైటరు రెండు ప్రశ్నలు వేశాడు: "ఈ లైసెన్సు లేని తుపాకీ ఎక్కడిది? లైసెన్సున్న తుపాకీ ఏమైంది?" పెదనాన్న నోట మాట లేదు. చివరికి కాపాడింది 1960ల నాటి కలకత్తా దుకాణం బిల్లు. పెద్దమ్మ దాన్ని వంటింట్లో పంచాంగాల మధ్య దాచింది కాబట్టి సరిపోయింది.

అంచేత మొదటి పని ఇది. డబుల్ బ్యారెల్ అయితే తుపాకీని కీలు దగ్గర మడిచి తెరిచి, తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, మూసి, గొట్టాల కింది చెక్క ఊడదీసి మళ్ళీ తెరవండి. గొట్టాలు విడివడతాయి. వాటి అడుగున బల్లపరుపుగా ఉన్న చోట ఒక నంబరు, అవి కూర్చునే ఇనుప భాగం మీద ఒక నంబరు ఉంటాయి. రెండూ ఫోన్‌తో ఫొటో తీయండి. పుస్తకంలో నంబరు, బోరు, తయారీ పేరు ఒక్కో అక్షరం సరిపోల్చండి. తేడా ఉంటే కలెక్టరేట్‌కి దరఖాస్తు రాసి, ఫొటోలు, పాత పుస్తకం జిరాక్సు జతచేసి, ముద్ర వేసిన నకలు ఇంటికి తెచ్చుకోండి. ఎవరో సలహా ఇచ్చారని నంబరు గీకడం, మళ్ళీ కొట్టించడం మాత్రం వద్దు. గుర్తు చెరపడమే నేరం. పైగా చెరిపిన గుర్తుతో తుపాకీ ఎవరి దగ్గర దొరికితే వాళ్లే చెరిపారని చట్టం ముందుగానే అనుకుంటుంది. కాదని చూపించాల్సింది మీరే.

పెద్దాయన పోయిన ఇల్లయితే పని ఇంకా ముందుకి జరపాలి. లైసెన్సు ఆయన పేరుది, ఆయనతోనే ఆగిపోతుంది. వారసులు తుపాకీని ఠాణాలోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి, ఒకరి పేరున దరఖాస్తు పెట్టుకోవాలి. మిగతావాళ్ల నుంచి అభ్యంతరం లేదని రాయించుకోవాలి. "పన్నెండో రోజు అయ్యాక చూద్దాం" అనుకుంటే నెలలు గడిచిపోతాయి, ఆ నెలలన్నీ లైసెన్సు లేకుండా ఉంచుకున్నట్టే. ఆయుధాల చట్టానికి 2019 సవరణ తరవాత ఒక మనిషికి రెండు తుపాకీలే. అంతకుముందు మూడుండేవి. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే రెండేళ్లకి తక్కువ కాకుండా ఐదేళ్ల దాకా జైలు. అదే సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. మరీ దూరమయ్యేసరికి జనం మర్చిపోతున్నారు! గడువుకి రెండు నెలల ముందే రినివల్ దరఖాస్తు పడేయండి.

ఇక విదేశీ సరుకు. 1980ల మధ్య నుంచి మామూలు మనిషి బయటనుంచి తుపాకీ తెప్పించుకోవడం ఆగిపోయింది. మన ఇళ్లలో ఉన్న వెబ్లీ, గ్రీనర్ లాంటి ఇంగ్లండు కంపెనీల తుపాకీలు అంతకు ముందు దిగినవి, కొన్ని తరవాత సామానుతో వచ్చినవి. కువైట్, అమెరికా నుంచి వచ్చే మేనల్లుడు "మావయ్యా, నీకో మంచిది తెస్తాను" అంటే వద్దనండి. ఇండియాకి కాపురం మార్చుకుని కనీసం ఏడాది ఉండబోయేవాళ్లు ఒక్కటి తెచ్చుకోవచ్చు. అదీ అనుమతించిన బోరుదై ఉండాలి, అక్కడ ఏడాదైనా తమ దగ్గర వాడి ఉండాలి, ఇక్కడ లైసెన్సు చేతిలో ఉండాలి, సుంకం కట్టాలి. అలా తెచ్చుకున్నవాళ్లు బతికున్నంత కాలం దాన్ని అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. మీకు కానుకగా అసలే కుదరదు.

పార్సిల్ సంగతి దీనికంటే మెలికది. ఎయిర్‌గన్ ఆట వస్తువే కదా అని కుర్రాళ్లు విదేశీ సైట్లలో బుక్ చేస్తున్నారు. బోరు 4.5 మిల్లీమీటర్లు దాటినా, శక్తి 20 జౌల్స్ (శక్తి కొలత) దాటినా దానికి లైసెన్సు కావాలి. అమ్మినవాడు పెట్టె మీద "బొమ్మ" అని రాస్తే, ఆ రాత కింద మీ పేరుంటుంది. తెలిసి తప్పుడు డిక్లరేషన్ ఇస్తే కస్టమ్స్ చట్టం 132 కింద రెండేళ్ల దాకా పడొచ్చు. మీ ఇంట్లో కుర్రాడి ఆర్డర్లు ఒకసారి చూడండి, తిట్టకుండా.

మనకి ఊరు ఒకటే, రాష్ట్రాలు రెండు. మహేంద్రతనయ దగ్గర బండెక్కితే కాసేపట్లో పాతపట్నం. తుపాకీ పుస్తకానికి మాత్రం ఆ కాసేపు పెద్ద దూరమే. పుస్తకంలో చెల్లుబాటు ఒడిశా వరకే రాసుంటే, మరమ్మతుకో చుట్టాలింటికో ఆంధ్రాలోకి పట్టుకెళ్లడం కుదరదు. ముందు పరిధి పెంచమని దరఖాస్తు పెట్టుకోండి. పాలేరుకో బావమరిదికో ఇచ్చి పంపడంలోనూ జాగ్రత్త. మీ ఎదుటే ఉంటే సరే, లేదా రిపేరుకో రినివల్‌కో మీరు రాసిచ్చిన చీటీ అతని జేబులో ఉండాలి. నోటిమాట చెల్లదు. అడవిపందికి కాపలా అని రాత్రి చేలోకి పంపితే పైన అటవీశాఖ కేసు కూడా. గజపతి జిల్లాలో లఖారి లోయ అభయారణ్యానికి పది కిలోమీటర్లలోపు ఇల్లున్నవాళ్లు తమ లైసెన్సు వన్యప్రాణి అధికారి దగ్గర నమోదైందో లేదో కూడా చూసుకోవాలి. ఆ నిబంధన ఒకటుందని చాలామందికి తెలీదు.

విశాఖలో విమానం ఎక్కేవాళ్లు పాత సంచీల అరలన్నీ వెతకండి. అడుగున ఒక్క తూటా ఉన్నా స్కానర్ పట్టేస్తుంది. తెలియక ఉందని కోర్టులో నిరూపించుకోగలరేమో గాని, ప్రయాణం మాత్రం పోతుంది.

ఇంత చూసుకున్నా కేసు పడితే, ముందు ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్ పెట్టారో చూడండి. లైసెన్సు షరతు తప్పారని ఆయుధాల చట్టం 30వ సెక్షన్ అయితే ఆర్నెల్ల దాకానే. లైసెన్సే లేదని 25 పెడితే కథ వేరు, బెయిలు కోర్టులోనే తెచ్చుకోవాలి. లైసెన్సు లేదన్న అభియోగానికి జిల్లా మెజిస్ట్రేట్ అనుమతి కావాలి. అది ఫైల్లో ఉందా అని మీ ప్లీడరు గారిని అడగండి. మరీ ముఖ్యం సంతకం. కస్టమ్స్ వాళ్ల ముందు కస్టమ్స్ చట్టం 108 కింద ఇచ్చిన వాంగ్మూలం పోలీసుల ముందు చెప్పినదానిలాంటిది కాదు, కోర్టులో అదే మీ మీద సాక్ష్యమవుతుంది. పంచనామా ఒడియాలో రాస్తారు. మనలో సగంమందికి మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. చదివి వినిపించమనండి, నంబర్లు వేలు పెట్టి చూపించమనండి, మీకు అర్థమైనది, తారీఖు మీ చేత్తో తెలుగులో రాసి సంతకం పెట్టండి. అరెస్టు చేస్తే కారణాలు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. తెలుగులో కావాలని అడగడానికి మొహమాటపడకండి.

డిపాజిట్ మాటకొస్తే, ఊరందరివీ గంపగుత్తగా తీసుకోమని నియమం లేదు. ఎవరివి తీసుకోవాలో జిల్లాలో అందుకోసం వేసిన స్క్రీనింగ్ కమిటీ చూస్తుంది. అయినా పిలిస్తే ఇచ్చేయడమే నా సలహా, వాదన తరవాత పెట్టుకోవచ్చు. రసీదులో తుపాకీ నంబరు, తూటాల లెక్క, తారీఖు, స్టేషన్ ముద్ర నాలుగూ ఉంటేనే గుమ్మం దిగండి. ఎన్నికలయ్యాక తెచ్చుకునేటప్పుడు అదే రసీదు వాళ్లు వెనక్కి తీసుకుంటారు, కాబట్టి ముందురోజే జిరాక్సు తీయించండి. తూటాలు అక్కడే బల్ల మీద లెక్కపెట్టుకోండి. గొట్టంలోంచి వెలుతురుకేసి చూస్తే తుప్పు కనిపిస్తుంది. కనిపిస్తే అది కూడా ఇచ్చిన కాగితం మీద రాయించుకోండి.