వీడియో కాల్‌కు ముందు బీపీ లెక్కలన్నీ ఒకే పేజీలో

చిత్తూరులో ఉన్న పెద్దవారిని తిరుపతి డాక్టరుకు వీడియో కాల్‌లో చూపించేటప్పుడు, "బీపీ ఎంత ఉంటోంది?" అని ఆయన అడగగానే పాత చీటీల కోసం వెతుకులాట మొదలై, ఉన్న కాస్త సమయమూ అందులోనే గడిచిపోతుంది. కాల్‌కు ముందు 7 రోజుల పాటు, ఉదయం మాత్ర వేసుకోకముందు, మళ్లీ రాత్రి భోజనానికి ముందు, 5 నిమిషాలు కదలకుండా కూర్చున్నాక నిమిషం తేడాతో రెండేసి సార్లు బీపీ చూసి, తేదీలవారీగా ఒకే పేజీలో రాయాలి. ఆ పేజీ పక్కనే మాత్రల అట్టను, పేరూ మిల్లీగ్రాములూ కనిపించేలా ఉంచి, పగటి వెలుతురులో ఒక్క ఫోటో తీసి (ఫ్లాష్ వేస్తే అట్ట మెరిసి అక్షరాలు కనిపించవు) ముందురోజే వాట్సాప్‌లో పంపాలి. గుండె లయ తప్పేవారి విషయంలో ఇంటి మిషన్ అంకెలను పూర్తిగా నమ్మలేము. బీపీ 180/120 దాటి, ఛాతీనొప్పో ఆయాసమో కూడా ఉంటే, వాట్సాప్ జవాబు కోసం ఎదురుచూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.