కాల్‌లో మాట తెగుతోందా?

నేను వీడియో కాల్‌లో ఉంటే చాలు, మా వాడి ఫోన్లోంచి తిరుమల ఫొటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కడం మొదలవుతుంది. నా మాట ముక్కలు ముక్కలు. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లో రోజూ ఇదే గోల. పెద్ద ప్లాన్ కొనబోయి ఆగాను, రౌటర్లో ఒక సెట్టింగు మార్చాను.

ఇంట్లో ఎవరూ నెట్ వాడనప్పుడు ల్యాప్‌టాప్‌కి వైరు తగిలించి అప్‌లోడ్ వేగం మూడుసార్లు కొలవండి. రౌటర్ సెట్టింగుల్లో క్యూఓఎస్ (ఏ డేటా ముందు పోవాలో చూసేది) తెరిచి (క్యూని ఇంకా తెలివిగా నడిపే ఎస్‌క్యూఎం ఉంటే ఇంకా మంచిది), అప్‌లోడ్ పరిమితి అన్న చోట తక్కువ వచ్చిన అంకెలో 85 శాతం వేయండి. నాకు 40 ఎంబీపీఎస్ వచ్చింది, 34 పెట్టాను. ఇక బయటికి పోయే డేటా మన రౌటర్లోనే క్యూ కడుతుంది, కాల్ ప్యాకెట్లు (మాటను మోసే చిన్న డేటా ముక్కలు) శీఘ్రదర్శనం టికెట్ ఉన్నట్టు ముందు పోతాయి. ఫొటోలు కాస్త నిదానంగా ఎక్కుతాయి, ఎక్కనీ.

4జీ, 5జీ డాంగిల్ వాడేవాళ్లకి ఇది నిలబడదు. వేగం నిమిషానికోలా మారుతుంది కాబట్టి ఒకే అంకె కుదరదు.