షుగరు కాలిపుండు: మందు పడకముందే కల్చర్

సర్జరీ వార్డులో కట్లు కట్టే నర్సుని. మా దగ్గరికొచ్చే షుగరు కాళ్ళు చాలావరకు ఊళ్ళో రకరకాల యాంటీబయాటిక్‌లు చవిచూసే వస్తాయి. వాటికి లొంగని క్రిమే లోపల మిగులుతుంది.

పుండు కనబడగానే చుట్టూ చూడండి. ఎరుపు, వేడి, వాపు, చీము ఏవీ లేకపోతే యాంటీబయాటిక్‌తో పనిలేదు. శుభ్రమైన కట్టు, ఆ కాలిమీద బరువు పడకుండా చూడటం, షుగరు అదుపు చాలు. ఎరుపు పుండు అంచు నుంచి 2 సెంటీమీటర్లు దాటినా, జ్వరమొచ్చినా, వేలు నల్లబడినా, నొక్కితే చర్మం కింద చిటపటలాడినా ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళండి. నొప్పి లేదుగా అని ధీమా వద్దు, మొద్దుబారిన కాలికి మేకు దిగినా తెలీదు. దయచేసి పసుపు, కాఫీపొడి అద్దుకుని రావద్దు.

ఇక అసలు సంగతి. యాంటీబయాటిక్ మొదటి డోసు పడేముందే కల్చర్‌కి, అంటే పుండులో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో ల్యాబులో తేల్చే పరీక్షకి పంపమని అడగండి. పైపైన దూదిపుల్లతో తుడిస్తే చర్మం మీది క్రిములన్నీ అంటుకొస్తాయి. కుళ్ళు తీసి, కడిగాక, లోపలి కండ ముక్క వెళ్ళాలి. రిపోర్టు సాధారణంగా రెండు మూడు రోజుల్లో వస్తుంది. మందు పేరు ఎదురుగా ‘ఎస్’ అంటే పనిచేస్తుంది, ‘ఆర్’ అంటే చేయదు. క్లెబ్సియెల్లా అనే క్రిమి పేరు ఉండి, మెరోపెనెమ్ లాంటి బలమైన యాంటీబయాటిక్‌కి కూడా ‘ఆర్’ పడిందంటే ఇక మిగిలేవి కొన్నే. వాటిలో కొలిస్టిన్ ఒకటి. అది కిడ్నీల్ని దెబ్బతీయగలదు, షుగరువాళ్ళ కిడ్నీలు చాలాసార్లు ముందే నలిగి ఉంటాయి. అందుకే మాటిమాటికీ కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షకి రక్తం తీస్తాం, విసుక్కోకండి.

రిపోర్టు జిరాక్స్ తీయించి, వాడిన మందుల స్ట్రిప్‌ల ఫోటోలతో పాటు దాచండి. రేపు మూత్రంలో మంటని వెళ్ళినా అవి చూపించాలి. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనొద్దు.

షుగరుకి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడుతుంటే చేరగానే చెప్పండి. ఇన్‌ఫెక్షన్ తీవ్రంగా ఉంటే వాటిని ఆపి ఇన్సులిన్ ఇస్తారు. అలవాటైపోతుందని గొడవపడకండి.

తోడుండేవాళ్ళకి ఒక్క మాట. పక్క మంచం పెద్దాయనకి దిండు సర్దడం మంచిదే, కానీ ఆ చేత్తోనే మీవాళ్ళ కట్టు ముట్టుకోవద్దు. ముందూ వెనకా చేతులు కడుక్కోండి. నేను కట్టు విప్పేముందు “కడుక్కున్నారా సిస్టర్?” అని అడగండి, కోపం రాదు.